పేరమ్మ పదకొండు గింజలు

ఏం చూశావో చెప్పు. తిన్నగా నిలబడి చెప్పు. మిరపచేను ఎర్రగా ఉందని మాత్రం చెప్పకు, ఆ మాట దారిన పోయేవాడూ చెబుతాడు.

మేక ఒక కాయ కొరికి, తల విదిలించుకుంటూ గట్టు దాటి పరుగెత్తింది. చూశావు కదా. అదే మొక్క మీద పిగిలిపిట్ట వాలింది. నల్ల తల, తోక కింద ఎర్ర మచ్చ ఉంటుందే, ఆ పిట్ట. కాయను గుటుక్కున మింగి, ముక్కు కొమ్మకు రుద్దుకుని ఎగిరిపోయింది. దాని కంట్లో చుక్క నీరు రాలేదు. అదీ చూశావు.

ఇంకొకటి కూడా చూశావు. అది నువ్వు చెప్పవు, నేను చెబుతాను. అందరి చేలల్లో కాయ ఎర్రబడుతుంటే మన ఊరి దానమ్మ చేలో మొక్క ఇంకా జానెడే ఉంది. గట్టు మీద నిలబడి నువ్వు నవ్వావు.

నవ్వావు కాబట్టి ఈ కథ వినాలి. కూర్చో.

ఒకప్పుడు మిరపకాయకు మంట లేదు. చెరుకులా తియ్యగా ఉండేది. పిల్లలు చేలో పడి కడుపు నిండా తినేవాళ్ళు.

తియ్యగా ఉండేదాన్ని లోకం బతకనివ్వదు. మేకలు వచ్చాయి. ఎలుకలు వచ్చాయి. కొండముచ్చులు గుంపులుగా దిగాయి. కాయ పండేదాకా ఎవరూ ఆగలేదు. తిన్నవాళ్ళు ఊరికే తిన్నారా? గింజల్ని పళ్ళ కింద వేసి పిండి చేశారు. నలిగిన గింజ మొలవదు. ఏడాదికేడాది చేలు తగ్గిపోయాయి. చివరికి లోకం మొత్తానికీ మిరప గింజ ఒక్కచోటే మిగిలింది. పేరమ్మ అనే మనిషి ఇంట్లో, చూరుకు వేలాడే సొరకాయ బుర్రలో.

పేరమ్మ ఒంటరిది. ఆమెకు ఇంటి పక్కనే ఎకరం చేను, ఒక్కటే ఎద్దు. ఒక్క ఎద్దుతో నాగలి సాగదు. ఇంకొకరి ఎద్దుతో జత కట్టాలి. దానికి ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ముందు ఆ ఇంకొకరి చేను దున్నాలి, తన చేను తర్వాత.

మృగశిరలో తొలకరి పడింది. పక్క చేను లచ్చుమయ్య ఎద్దుల్లో ఒకటి కుంటిపడింది. "ముందు మాది కానీ పేరమ్మా, తర్వాత నీదే" అన్నాడు. సరేనంది.

ఆరుద్రలో లచ్చుమయ్య తమ్ముడు వచ్చాడు. "మా అన్నది దున్ని మాది దున్నకపోతే నాకు నామోషీ కదా వదినా" అన్నాడు. సరేనంది.

పుష్యమిలో లచ్చుమయ్య వియ్యంకుడి చేను వంతు వచ్చింది. ఆయన ఆమెను అడగను కూడా లేదు, మనిషిని పంపి ఎద్దును తోలుకుపోయాడు.

పేరమ్మ ఎద్దు అందరి చేలూ దున్నింది. పేరమ్మ అందరి నారుమళ్ళలో విత్తనం చల్లింది, అందరి కలుపూ తీసింది. పొద్దున తన చేను వంక చూసుకుంటూ వెళ్ళేది, సాయంత్రం చూసుకుంటూ వచ్చేది. అందులో గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది.

ఆమె వంతు వచ్చేసరికి చిత్త కార్తె దాటి స్వాతి వచ్చింది. గింజలు తీద్దామని ఇంట్లోకి వస్తే బుర్ర నేల మీద పడి ఉంది. ఎలుక తాడు కొరికింది. నేలంతా పొట్టు. గోడ పగులులో ఇరుక్కుని పదకొండు గింజలు మాత్రం మిగిలాయి.

ఎలుక కలుగులోంచి తల బయటపెట్టింది. "ఇన్నాళ్ళూ వాడలేదుగా, వద్దనుకున్నావేమో అనుకున్నాను" అంది.

"వద్దనుకోలేదు. నా వంతు రాలేదు" అంది పేరమ్మ.

పదకొండు గింజల్ని అరచేతిలో పెట్టుకుంది. అవి రెండో ఏటి గింజలు. ఇంకో ఏడాది దాస్తే చచ్చిపోతాయి. ఈ చలికాలంలోనే మొలవాలి, కాయాలి. లేకపోతే మిరప అనే జాతి లోకంలో ఉండదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, గింజలకూ తెలుసు.

పేరమ్మ నేల దగ్గరికి వెళ్ళింది. "తల్లీ, వీటిని కడుపులో పెట్టుకో."

"మొన్నటిదాకా నా ఒళ్ళు వెచ్చగానే ఉంది పేరమ్మా. ఇప్పుడు చల్లబడింది" అంది నేల. "పెట్టుకుంటే కుళ్ళిపోతాయి. నా చేత ఆ పాపం చేయించకు."

సూర్యుడి దగ్గరికి వెళ్ళింది. ఆయన తల తిప్పకుండానే మాట్లాడాడు. "నా బండి దక్షిణానికి మళ్ళింది. వెనక్కి తిప్పడం నా చేతుల్లో లేదు. పొద్దున కాసేపు నీ తూర్పు గోడ మీద నిలబడతాను. అంతకు మించి అడగకు."

దారిలో ఉత్తరపు గాలి ఎదురైంది. ఆమె పిడికిలి వాసన చూసి నవ్వింది. "ఆలస్యంగా వచ్చేవాళ్ళంటే నాకు చాలా ఇష్టం. చలి వచ్చేనాటికి ఇంకా లేతగా ఉంటారు" అంది.

పేరమ్మ ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూలబడింది. సంకటి కోసం ఎసరు పెట్టింది. ఒక్కొక్క పుల్లే లోపలికి తోసింది. అప్పుడు పొయ్యే మాట్లాడింది.

"నలభై ఏళ్ళుగా నాకు పుల్లలు పెడుతున్నావు. ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగు."

"వేడి కావాలి. పదకొండు గింజలకు."

"ఇస్తాను. కానీ విను. నేను ఇచ్చిన వేడి నేను తిరిగి తీసుకోను. అది వాటి ఒంట్లో ఉండిపోతుంది. ఇక అవి తియ్యగా ఉండవు. వాటి కాయను పళ్ళ కింద వేసి నలిపినవాళ్ళ నోరు మండుతుంది."

గింజలు కదిలాయి. ఒక గింజ అడిగింది, "మేక నోరు మండుతుందా?"

"మండుతుంది."

"ఎలుక నోరు?"

"మండుతుంది."

గింజ పేరమ్మ వంక చూసింది. "పేరమ్మకు కూడా పళ్ళున్నాయి" అంది.

"నిప్పుకు మొహమాటం లేదు" అంది పొయ్యి. "పెంచిన మనిషి, తిన్న మనిషి అని నాకు తేడా తెలియదు. ఆమె నోరూ మండుతుంది. ఆమె తర్వాత వచ్చే మనుషులందరి నోళ్ళూ మండుతాయి."

"అయితే మాకొద్దు" అంది గింజ. "ఇలాగే చచ్చిపోతాం."

పేరమ్మ పుల్లను పొయ్యిలోకి ఎగదోసింది. "నోరు మూసుకోండి. చావడం తేలిక. అది ఎప్పుడైనా చెయ్యొచ్చు" అంది. "నా నోరు మండితే మండనీ. నీళ్ళు తాగుతాను. మీరు లేకపోతే ఏం చూసుకుని బతకమంటారు నన్ను?"

అని పాత చీర కొంగు చింపి, నీళ్ళలో తడిపి, గింజల్ని మూట కట్టింది. ఆ మూటను పొయ్యి గట్టు మీద, కాలనంత దూరంలో, చల్లారనంత దగ్గరలో పెట్టింది. ఆరితే తడిపింది. పుల్లలు తడిసిన రోజు పిడకలు పెట్టింది. ఎనిమిది రోజులు పొయ్యి ఆరనివ్వలేదు.

తొమ్మిదో రోజు మూట విప్పితే ఏడు గింజలకు తెల్లటి మొలక వచ్చింది. నాలుగు రాలేదు. ఆ నాలుగింటినీ పారేయలేదు ఆమె. మొలకల పక్కనే మట్టిలో పెట్టింది.

ఏడు కొబ్బరి చిప్పల్లో జల్లించిన ఎరువు, మట్టి కలిపి ఏడు మొలకలూ నాటింది. పొద్దున చిప్పల్ని తూర్పు గోడ కింద పెట్టేది. సూర్యుడు మాట తప్పలేదు, రోజూ కాసేపు నిలబడేవాడు. గాలి తిరగగానే చిప్పల్ని మళ్ళీ పొయ్యి దగ్గరికి మోసేది.

లచ్చుమయ్య గట్టు మీద ఆగాడు. అతని చేలో వేరుశనగ పీకడం కూడా అయిపోయింది. "ఏం పేరమ్మా, చిప్పల్లో వ్యవసాయమా? ఉయ్యాల కూడా కట్టు, ఊపుతూ జోలపాడొచ్చు" అన్నాడు.

"నీ చేను ముందు దున్నకపోయుంటే నా మొక్కలు ఈపాటికి నీ నడుం దాకా ఉండేవి లచ్చుమయ్యా" అంది పేరమ్మ.

అతను తలగుడ్డ సర్దుకుని గట్టు దిగిపోయాడు. ఆ రోజు నుంచి ఆ గట్టు మీద నడవడం మానేశాడు. నవ్వడం మాత్రం మిగతా ఊరు మానలేదు. ఆలస్యమైందని నవ్వేవాళ్ళు ఎందుకు ఆలస్యమైందో అడగరు. అడిగితే వాళ్ళ పేరే వస్తుందని భయం.

మొక్కలు జానెడు అయ్యాక చేలోకి మార్చింది. ఉత్తరపు గాలి తినడానికి వచ్చింది. ఒక ఆకును నాలుక మీద పెట్టుకుంది. ఆ ఆకులో పొయ్యి వేడి ఉంది. "ఇదేమిటి, లేతగా లేదే" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

పువ్వు వచ్చింది. తెల్లటి చిన్న పువ్వు, తల కిందికి వంచుకుని పూసింది. కాయ వచ్చింది. పచ్చగా ఉండి, ఎర్రబడింది. మొక్క తన వేడినంతా గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో దాచుకుంది. గింజకు కాపలా గింజ దగ్గరే ఉండాలి కదా.

లచ్చుమయ్య మేక ముందుగా వచ్చింది. "మళ్ళీ కాచావా? మంచిది, మంచిది" అంటూ నోరు పెట్టి నమిలింది. మరుక్షణం ఊరి దాకా అరుచుకుంటూ పరుగెత్తింది. ఎలుక కొరికి, కలుగు ఎక్కడుందో మర్చిపోయి గుండ్రంగా తిరిగింది. కొండముచ్చులు చూసి, కొండ మీదే ఉండిపోయాయి.

పిగిలిపిట్ట కంచె మీద కూర్చుని భయంభయంగా చూసింది. "అందరూ ఏడుస్తూ పోతున్నారు. నేను తినొచ్చా?" అంది.

"నీకు పళ్ళున్నాయా?" అంది మిరప మొక్క.

"లేవు. ముక్కొక్కటే."

"అయితే నలపలేవు. తిను. గింజల్ని దూరంగా తీసుకుపో, ఎక్కడైనా వెయ్యి. నేను అక్కడ లేస్తాను."

పిట్ట మింగింది. దానికి ఏమీ కాలేదు. కొండ దాటి, వాగు దాటి గింజల్ని తీసుకుపోయింది.

పేరమ్మ ఆ రోజు మొదటి కాయలు కోసింది. నిప్పుల మీద కాల్చి, ఉప్పు వేసి రోట్లో నూరి, సంకటిలోకి నంజుకుంది. ఒక్క ముద్దకే నోరు మండింది. చెవులు మండాయి. కళ్ళలో నీళ్ళు తిరిగి చెంపల మీదుగా కారాయి. ఆ ఏడాదంతా ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు ఆమెకు. ఇప్పుడు ఆపలేదు.

"మండిందా అమ్మా?" అంది చేలోంచి మొక్క.

"మండింది" అంది పేరమ్మ. "బతికావుగా."

కొంగుతో కళ్ళు తుడుచుకుని ఇంకో ముద్ద కలుపుకుంది.

అప్పటినుంచే మిరపకాయకు మంట. అప్పటినుంచే పళ్ళున్న జంతువులన్నీ దాన్ని చూసి పారిపోతాయి, పళ్ళు లేని పిట్ట మాత్రం నిశ్చింతగా తింటుంది. అప్పటినుంచే మనిషి ఒక్కడే కళ్ళనీళ్ళు కారుస్తూ కూడా దాన్ని వదలకుండా తింటున్నాడు.

ఇప్పుడు లేచి మళ్ళీ ఆ గట్టు మీదికి వెళ్ళు. దానమ్మ చేలో మొక్క ఇంకా జానెడే ఉంటుంది. తొలకరి రోజుల్లో ఆమె ఎవరి చేలో వంగి పని చేసిందో నీకు తెలుసా?