కాచగౌరి పగిలిన గాజులు అడిగిన కథ

అక్షతలు చేతబట్టి, మనసు నిలిపి వినుడు.

పూర్వము మధూకవనమున తపస్సు చేసికొనుచున్న వేదశీల మహామునిని సుధాముడను ముని సమీపించి యిట్లడిగెను. నిప్పుతో పని చేసి పదిమందికి అన్నము పెట్టువారు అడవిని తినక తప్పదు. అడవిని తిన్నవారి ఇల్లు చల్లగా నుండదు. వృత్తి వృద్ధి పొంది, భూమియు చల్లబడి, ఎడబాసినవారు మరల కలియుటకు ఏదైన వ్రతము కలదా అనెను. వేదశీలుడు కన్నులు తెరచి, కలదు, అది కాచగౌరీ వ్రతము, గాజు కరగు మంటలో కొలువున్న తల్లి ఆమె, అని చెప్పనారంభించెను.

కరివేల కొండ క్రింద సూర్యకాంతపురమను పట్టణము ఉండెను. అందు కొండిసెట్టి యను గాజుల తయారీదారు పన్నెండు కొలుములు నడుపుచుండెను. ఇసుక కరగించి గాజులు తీయు కొలిమిలో మంట ఆరరాదు. దినమునకు నలువది బండ్ల కట్టె కొండ దిగుచుండెను. పగిలిన గాజు గుమ్మము దాటి లోనికి వచ్చినచో ఇంటికి కీడని ఆ పనివారందరు నమ్మిరి. కావున తీతలో విరిగినవి, కొట్టులో చిట్లినవి అన్నియు తట్టలకెత్తి చిలుకవాగులో పారబోసిరి.

ఆతని భార్య నాగసాని ఆ కొండ ఆవలి పల్లెలో పుట్టినది. పదియేండ్లలో కొండ బోడియయ్యెను. వాగు ఎండెను. ఎండిన వాగులో గాజు పెంకులు తప్ప మరేమియు మెరయలేదు. ఒకనాడు ఆమె కట్టెల బండికి అడ్డముగా నిలిచి భర్తను నిలదీసెను.

“ఏమయ్యో, మా కొండకి గుండు గీసేశావు. ఇంకేం మిగిలిందని పంపుతున్నావు బళ్ళు?”

“నీకు పుట్టింటి మీద బెంగ. రెండు రోజులు పోయిరా, తగ్గుతుంది.”

“పోతాను. వాగు పారిన రోజున వస్తాను. అందాకా నీ కొలుములతోనే కాపరం చేసుకో!”

ఆమె కొండ దాటి అన్నగారి ఊరు చేరెను. కొండిసెట్టి నవ్వెను. వారము గడచెను, నవ్వు పోయెను. మాసము గడచెను, అన్నము సయింపదయ్యెను. ప్రతి సాయంకాలము మిద్దె యెక్కి కొండదారి చూచుచు నిలిచెను. చెట్లు లేని కొండపై దారి ఆ కొసనుండి ఈ కొసవరకు కనబడుచుండెను. దానిపై ఎవరును రాకుండుటయు అంత స్పష్టముగా కనబడుచుండెను.

కట్టె దూరమయ్యెను. దొరికిన పచ్చికట్టెకు మంట నిలువక గాజులు మసకబారెను. బేరగాండ్రు మరలిపోయిరి. ఒకదాని వెనుక ఒకటిగా పదునొకండు కొలుములు చల్లారెను.

ఒక శుక్రవారము ప్రొద్దున ఒక ముదుసలి ఒడినిండ పగిలిన గాజులతో వచ్చి గుమ్మము ముందు నిలిచి, వీనిని తీసికొని కొత్తవి ఇమ్మని అడిగెను.

“శుక్రవారం పూట ఇవేంటవ్వా! అక్కడే ఆగు, లోపలికి రాకు!”

“నీ కొలిమిలో పుట్టినవే కదరా. పుట్టినింటికి రానివ్వకపోతే ఎక్కడికి పోతాయి?”

కొండిసెట్టి ప్రక్కకు తొలగి దారి ఇచ్చెను. ముదుసలి వ్రతవిధానము చెప్పెను. తొమ్మిది శుక్రవారములు గుమ్మమున పసుపు రాసిన బుట్ట నుంచవలెను. పగిలిన గాజు ఎవరు తెచ్చినను రెండు చేతుల అందుకొని, పసుపునీరు చల్లి, సగము పెంకులు సగము ఇసుక చేర్చి, గాజు కరగు మూసలో వేయవలెను. కాల్చిన ప్రతి చెట్టునకు ఏడు మొక్కలు నాటి, అవి నీడ నిచ్చువరకు కావలి కాయవలెను. చలిమిడి నివేదించి కొలిమి ముందు కాచగౌరిని కొలువవలెను. ఇట్లు చెప్పి ఆమె మంటవైపు నడచి కానరాకుండెను.

ఆతడట్లే చేసెను. పెంకులు కలిసిన మూస జామునకే కరిగెను. సగము కట్టె చాలెను. గాజు తేటపడెను. గాజులమ్ము ఎర్రక్క గాజులు గుచ్చిన మలారము భుజాన వేసికొని ఊరూర గాజులు తొడిగి, తిరిగి వచ్చునపుడు పెంకులు తెచ్చుచుండెను. పెంకులు పుచ్చుకొను ఇల్లని పేరు పాకెను. స్త్రీలు ఇతర కొలుముల గాజులు ముట్టరైరి. నాలుగు శుక్రవారములలో వెలుగు కొలుములు నాలుగయ్యెను.

అంతట రాచబిడ్డ పెండ్లికి లక్ష జతల గాజులు కావలెనని కబురు వచ్చెను. కొండిసెట్టి మురిసెను. పెంకులు ఏరి కడుగుటకు తీరిక లేదనుకొనెను. అయిదవ శుక్రవారము బుట్టను అటకెక్కించెను. కొండ లోయలలో మిగిలిన చెట్లను కొట్టించి, తాను నాటిన మొక్కల మీదుగానే బండ్లు తోలించెను. ఆ మధ్యాహ్నమే నాలుగు మూసలును పగిలి, కరిగిన గాజు బూడిదలో కలిసెను.

అదే సమయమున ఎర్రక్క వచ్చి పెంకుల బుట్ట దింపెను. అందు ఆకుపచ్చ గాజుపై బంగారు అల తీసిన ముక్కలు కొన్ని కనబడెను. అట్టివి ఆతడు ఒకే జత చేసెను. తన చేతులతో నాగసానికి తొడిగెను. ఆతడు ఆ ముక్కలు చేతబట్టెను.

“ఎర్రక్కా, ఇవి... ఈమె బతికే ఉందా?”

“రాయిలా ఉంది. పలుగు పట్టి మొక్కలు నాటుతుంటే చిట్లాయంట. కొండకి ఆవలి పక్కంతా ఆవిడ నాటిందే.”

“కొత్తవి తొడక్కపోయావా?”

“అడక్కుండా ఉంటానా? సెట్టి కొలిమిలో మా కొండ చెట్టు కాలినన్నాళ్ళు నాకు పసుపుదారమే చాలంది. బలే గడుసుది సెట్టీ. నీకు తెలిసినావిడా?”

కొండిసెట్టి కొండవైపు చూచెను. ఆవలి వాలున ఆమె నాటుచుండగా ఈవలి వాలున తాను త్రొక్కించెను. బూడిదలో కూలబడి ఏడ్చెను.

పెండ్లికి గాజులు ఇయ్యజాలనని తానే పోయి రాజునకు విన్నవించెను. బుట్ట దింపి, మొదటి శుక్రవారమునుండి వ్రతము మరల మొదలుపెట్టెను. త్రొక్కిన చోట మరల నాటి, కావడితో తానే నీరు మోసెను. తొమ్మిది శుక్రవారములు నిండెను. ఆమె రాలేదు. ఏడాది నిండెను. రాలేదు. పోయి పిలుచుటకు ఆతనికి మొగము చెల్లలేదు. వాగు పారలేదు గదా!

రెండవ యేట రాజ్యమున వాగులన్నియు ఎండుట చూచి, కొండలపై గొడ్డలి పెట్టరాదని రాజు చాటించెను. కట్టె లేక ఇతరుల కొలుములు ఆరిపోయెను. రాలిన కొమ్మలతో, పెంకులతో నడచు కొండిసెట్టి కొలుములు మాత్రమే వెలుగుచుండెను. పెంకులు పుచ్చుకొనుటను మునుపు ఎగతాళి చేసినవారు వచ్చి ఆతనియొద్ద పని నేర్చిరి. పన్నెండు కొలుములును నిండుగా మండెను. ఐశ్వర్యము వచ్చెను. అయినను ఆతడు సాయంకాలము మిద్దె యెక్కుట మానలేదు. ఏటేట చెట్లు పెరిగి దారిని కప్పివేసెను. ఇక ఆమె వచ్చినను కానరాదు గదాయని ఆతనికి దిగులు. అయినను ఒక్క కొమ్మ నరుకనీయలేదు.

ఆరవ యేట వానలు మెండుగా కురిసెను. శ్రావణ శుక్రవారమున ఆతడు గుమ్మమున కూర్చుండి, తల వంచి పెంకులు అందుకొనుచుండెను. వరుసలో ఒకామె ముందుకు వచ్చెను.

“ముక్కలేవమ్మా?”

“ముక్కల్లేవు. చేతులే ఉన్నాయి. తొడుగు.”

తల యెత్తకమునుపే ఆతడు ఆమె పాదములు చూచెను. అవి పిక్కలవరకు వాగునీట తడిసియుండెను.

అని వేదశీలుడు కథ ముగించి సుధామునకు వ్రతఫలము చెప్పెను.

నిప్పుతో, నీటితో, రంగుతో, తోలుతో, మట్టితో సరుకు చేయువారును, యంత్రశాలలు నడుపువారును ఈ వ్రతము చేయవలెను. వారి వ్యయము తగ్గును, సరుకు తేటపడును, ఇతరులు ఆగిన చోట వారు సాగుదురు, వారి ఊరి వాగు ఎండదు. నడుమ మానినవారు మొదటినుండి చేయవలెను. తల్లి కోపింపదు, కాచుకొని యుండును. ఎదురుచూచు భార్యలును, ఎదురుచూచు భర్తలును ఈ కథ విన్నను చాలును. రావలసినవారు వత్తురు. రాకున్నను, వారు ఎచట నడచుచున్నను ఆ దారిలో నీడ యుండును.