బంగాళాదుంపల పొలిమేర

“తబితా, ఇవాళ విందు అయ్యేలోగా నేను కొన్న దేశం ఎంతో నాకు తెలియాలి.”

ఈ మాటన్నది అమెరికా అధ్యక్షుడు హార్లోగారు. ఆ పేరుగలాయన కోసం పుస్తకాలు తిరగేయకండి, కథన్నాక ఒక పేరుండాలి కదా. విన్నది ఆయనింట్లో వంటా వడ్డనా చూసుకునే తబితమ్మ. చోటు వంటిల్లు. రాజుల్లేని దేశం కనక, దేశాన్నేలే పెద్దమనిషి వంటింటి గడప మీద నిలబడి మాట్లాడినా తప్పు పట్టేవాళ్లు లేరు.

సంగతేమిటంటే, అమెరికా అప్పటికింకా పసిదేశం. తూర్పున సముద్రం, పడమట మిసిసిపీ అనే మహానది, అక్కడికి సరి. నదికి అవతలి నేల ఎక్కడో సముద్రాల అవతలున్న ఒక రాజుగారిది. ఆయనకి యుద్ధాలెక్కువ, డబ్బు తక్కువ. అమ్ముతారా అని హార్లోగారు కబురంపారు, పట్టుకుపొండి అని ఆయన కబురంపాడు, బేరం కుదిరిపోయింది. ఆ నేల మీద తరతరాలుగా బతుకుతున్న తెగలవాళ్లని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అది నవ్వుకునే సంగతి కాదు.

తిరకాసేమిటంటే, బేరంలో పొలిమేరలు రాసుకోవడం మరిచారు. అడిగితే ఆ రాజుగారి రాయబారి దుబోన్ విగ్గు సర్దుకుని, మాకెంత వచ్చిందో మీకంత ఇచ్చాం, మాకెంత వచ్చిందో మాకు గుర్తులేదు అన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే, నది ఒడ్డున ఒక పట్టీ అనుకోండి అని సెలవిచ్చాడు.

ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఖజానా ఊడ్చి పట్టీ కొన్నాడని పత్రికలవాళ్లు హార్లోగారిని ఏకి వదులుతున్నారు. ఆయన బెంగ అది. తబితమ్మ బెంగ వేరు. ఆమె తమ్ముడు ఎజ్రా పెళ్లాంబిడ్డల్ని ఎద్దుబండెక్కించుకుని, నది దాటి చాలా దూరం పోయి ఇల్లు కట్టుకున్నాడు. కొన్నది పట్టీయే అయితే వాడున్నది పరాయి గడ్డ. సిపాయిలొచ్చి ఇల్లు పీకేస్తే అడిగే దిక్కుండదు.

“ఆ దుబోన్ నోటితోనే చెప్పించు. కోరింది ఇస్తాను,” అన్నారు హార్లోగారు.

తబితమ్మ చేతిలో బంగాళాదుంపని అటూ ఇటూ తిప్పింది. “అయితే అయ్యా, ఈ ఒక్క పూటా మీ బల్ల పద్ధతి నేను చెడగొడతాను. కోప్పడకూడదు.”

ఆ ఇంటి పద్ధతేమిటంటే, విందుకి ఎవరు ముందొస్తే వాళ్లు నచ్చిన చోట కూర్చోవడం. పెద్దపీటా లేదు, చిన్నపీటా లేదు. రాయబారులకిది బొత్తిగా మింగుడుపడదు. పోయిన విందులో దుబోన్‌కి తలుపు దగ్గర, పళ్లు పీకే వైద్యుడి పక్కన చోటు దొరికింది. రొట్టెముక్కయినా ముట్టకుండా లేచిపోయాడు.

మధ్యాహ్నం అతిథులొచ్చేసరికి హార్లోగారి పక్కన ఒక ఎత్తయిన నగిషీ కుర్చీ, దానిమీద మఖ్మల్ దిండు. ఎవరో కానుకిస్తే, సింహాసనంలా ఉందని బెదిరి ఆయన అటకెక్కించిన కుర్చీ అది. పత్రికలవాళ్లు చూస్తే కొంప మునుగుతుందని ఆయన తలెత్తలేదు.

ఈ ఖండంలో ఏ రాజుగారు ఎక్కువ నేల ఏలారో ఆయన రాయబారికి ఇవాళ ఈ కుర్చీ అంది తబితమ్మ. అని, బల్ల మధ్య పొడుగాటి రొట్టె పెట్టి ఇది మిసిసిపీ అంది. ఉడికించిన బంగాళాదుంపల పళ్లెం తెచ్చి, ఇవి సరిహద్దు రాళ్లు, ఎవరి హద్దు వాళ్లు పెట్టుకోండి అంది.

ఆ నేలకి దక్షిణాన ఏలే మరో రాజుగారి రాయబారి దోన్ రామిరో ఊరుకుంటాడా? దుంపలన్నీ రొట్టె పక్కనే వరసగా పేర్చి, వీటికి అవతలంతా మా ఏలుబడే అన్నాడు.

తబితమ్మ నిట్టూర్చింది. “పాపం, దుబోన్‌గారి రాజుగారిది ఉత్త పట్టీ అన్నమాట. రండి బాబూ, పళ్ల వైద్యుడిగారి పక్కన చోటుంచాను.”

వైద్యుడు మర్యాదగా జరిగి కూర్చున్నాడు. దుబోన్ మొహం కందగడ్డయింది. లేచి, రెండు చేతులతో దుంపల్ని తోసుకుంటూ తోసుకుంటూ బల్ల చివరిదాకా పోయాడు.

“అదుగో, ఆ పడమటి కొండల దాకా మాది. రామిరోగారూ, మీ రాజుగారి చేతిలోంచి మేం తీసుకున్నది కొండల దాకా. గుర్తులేదా?”

“గుర్తొచ్చిందా మీకు?” అన్నారు హార్లోగారు మెల్లగా.

అది దుబోన్ చెవిన పడితే కదా. పడమటి కొండల్ని దిద్దడంలో ఉన్నాడు. దిద్ది, వచ్చి నగిషీ కుర్చీలో దర్జాగా కాలు మీద కాలేసుకున్నాడు. తబితమ్మ మొదటి వడ్డన ఆయనకే చేసింది.

“ఇంత నేలా అమ్మేటప్పుడు మీకంటూ కాస్త దాచుకున్నారా బాబూ?”

“మా రాజుగారు చిల్లర బేరాలు చెయ్యరు. అమ్మితే మొత్తం అమ్ముతారు.”

రామిరో దుంపల వైపు చెయ్యి చాచబోయాడు. తబితమ్మ గరిటె అడ్డం పెట్టింది.

“ఆ దుంపలు ఎవరూ తినకండి. అమ్మినవారే స్వయంగా పాతిన సరిహద్దు రాళ్లవి.”

పళ్ల వైద్యుడు, ముప్ఫైరెండూ కనబడేలా, పక్కున నవ్వాడు. దాంతో అందరూ పడీపడీ నవ్వారు. హార్లోగారికి కళ్ల నీళ్లొచ్చాయి. బల్ల నిండా సాక్షులు, దుబోన్ ఏమని మాట తిప్పుతాడు?

“కోరుకో తబితా,” అన్నారు హార్లోగారు కళ్లు తుడుచుకుంటూ.

“మా ఎజ్రా ఇల్లు ఈ దుంపలకి ఇవతలే ఉందయ్యా, అది చాలు. కాదు, ఇంకేదైనా కోరాల్సిందే అంటే, ఆ కుర్చీ వంటింట్లోకి ఇప్పించండి. దుంపలు చెక్కు తీసుకోవడానికి ఎత్తు సరిపోతుంది. మీకూ పత్రికలవాళ్ల బెడద తప్పుతుంది.”

“తీసుకో,” అన్నారు హార్లోగారు.

దుబోన్ అప్పటికింకా అందులోనే కూర్చుని ఉన్నాడు. తబితమ్మ కుర్చీ వెనక్కొచ్చి నిలబడి, ఎంతో వినయంగా,

“బాబుగారూ, కాస్త లేస్తారా?”