మూడో మెట్టు దాకా వచ్చిన వాగు

అనగనగా ఒక ఊరి చివర ఒక వాగు, ఆ వాగు పక్కన ఎవరూ కొనని ఒక స్థలం. ముందు కాళ్ళు దుప్పట్లో పెట్టు, అప్పుడు చెప్తాను.

ఆ ఊళ్ళో అప్పలకొండ అని ఒక బస్సు కండక్టరు, మంగతాయి అని వాళ్ళావిడ. ఆవిడ బట్టలు కుట్టేది. ఇద్దరూ మేడ మీద రెండు గదుల అద్దింట్లో ఉండేవారు. బాగానే ఉండేవారమ్మా. కానీ ఏ పెళ్ళికి వెళ్ళినా ఒకటే ప్రశ్న, "ఇంకా అద్దిల్లేనా?" భోజనం చేశారా అని అడిగేవాడు లేడు కానీ, ఇది మాత్రం అందరికీ కావాలి.

అప్పుడు అప్పలకొండ ఆ వాగు పక్క స్థలం కొన్నాడు, చవగ్గా వస్తోందని. ఎందుకంత చవకో అడగాలా వద్దా? అడగలేదు. సిద్ధాంతిగారిని మాత్రం మూడుసార్లు పిలిచాడు. స్థలం చూడ్డానికోసారి, గుమ్మం నిలబెట్టడానికోసారి, పాలు పొంగించడానికోసారి. వచ్చిన ప్రతిసారీ ఆయనది ఒకటే మాట. "ఈశాన్యం పల్లంగా ఉండాలి నాయనా. ఐశ్వర్యం దానంతటదే నడిచొస్తుంది."

సరే, ఈశాన్యం మూల తవ్వించి పల్లం చేశాడు. ఆ మూలకి అవతలే వాగు. అక్కడ గేదెల్ని మేపుకునే పైడమ్మ చూసింది.

"వాగుకి తలుపు తీసి పెడతన్నావేటి బాబూ?"

"నీకు వాస్తు తెలుసా పెద్దమ్మా?"

"నాకు వాగు తెలుసు," అందావిడ. వింటేనా.

ఇల్లు కట్టడానికి బ్యాంకులో అప్పు, ఇరవై ఏళ్ళ కిస్తీలు. ఆ తర్వాత మంగతాయి మిషను ఆగింది లేదు. పండక్కి చీర కొనుక్కోలేదు. పుట్టింటికి వెళ్ళలేదు. పన్ను నొప్పెడితే లవంగం పెట్టుకుంది గానీ డాక్టరు గడప తొక్కలేదు. ఎవరొచ్చినా మాత్రం "సొంతిల్లు" అని తిప్పి చూపించడం. సొంతమేమిటి నా మొహం, ఇంకా పదిహేడేళ్ళు అది బ్యాంకుదే కదా.

అప్పుడు తుపాను వచ్చింది. మొదటి రోజు వాగు ఆ ఈశాన్యం మూల నుంచే వాకిట్లోకి వచ్చింది. రెండో రోజు రెండు మెట్లెక్కింది. మూడో రోజు మూడో మెట్టెక్కి, గుమ్మానికి జానెడు కింద ఆగింది. మంచం ఇటుకల మీద, మిషను మంచం మీద, మంగతాయి మిషను పట్టుకుని. సిద్ధాంతిగారు చెప్పినట్టే అన్నీ నడిచొచ్చాయి, ఐశ్వర్యం ఒక్కటి తప్ప.

నీళ్ళు తీశాక అప్పలకొండకి బుద్ధొచ్చిందనుకుంటున్నావా? "జాకీలు పెట్టి ఇల్లు మూడడుగులు పైకెత్తిద్దాం. ఇంకో అప్పు చేస్తే సరి," అన్నాడు మహానుభావుడు.

మంగతాయి కత్తెర కింద పెట్టింది. "ఇల్లు మనల్ని కాస్తుందనుకుంటే, ఇన్నాళ్ళూ మనమే దాన్ని కాస్తున్నాం. అమ్మేద్దాం."

"నలుగురూ ఏమనుకుంటారే?"

"మూడు రోజులు నీళ్ళలో ఉన్నాం. ఆ నలుగురిలో ఒక్కడైనా వచ్చాడా?"

మర్నాడే అతను గోడ మీద "ఇల్లు అమ్మబడును" అని రాశాడు.

అప్పుడు ఒక మాస్టారు ఇల్లు చూడ్డానికొచ్చారు. మంగతాయి ఆయనకి మూడో మెట్టు మీది బురద మరక చూపించింది. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కొత్తగా పెళ్ళైన జంట వచ్చింది. వాళ్ళకీ చూపించింది. వాళ్ళు కాఫీ కూడా తాగలేదు.

"సున్నం కొడితే పోయే మరక," అన్నాడు అప్పలకొండ తల పట్టుకుని. "ఊరందరివీ కుడతావు, నీ నోరు కుట్టుకోలేవా?"

"ఆ పిల్ల మంచం కింద నేను ఇటుకలు పెట్టలేను," అంది మంగతాయి.

మూడోసారి బాతుగుడ్ల వ్యాపారి ఎల్లాజీ వచ్చాడు. మరక చూశాడు. పెరట్లోకి వెళ్ళి ఈశాన్యం మూల నిలబడ్డాడు.

"నీళ్ళు ఇటు నుంచే వస్తాయా అమ్మా?"

"ఇటు నుంచే. గట్టి వాన పడితే చాలు."

"నా బాతులకి ఇంతకన్నా ఏం కావాలి," అని అక్కడికక్కడే బేరం ఖాయం చేసుకున్నాడు.

పెట్టిన డబ్బంతా రాలేదు. బ్యాంకు అప్పు తీరింది, ఇల్లు మారడానికి బండి ఖర్చు మిగిలింది. ఆ తర్వాత మళ్ళీ ఆ మేడ మీది రెండు గదులకే వచ్చేశారు. ఆ రాత్రి వాన పడింది. ఇద్దరూ లేవలేదు, తెల్లారేదాకా నిద్రపోయారు.

తర్వాతి పెళ్ళిలో ఒకావిడ అడగనే అడిగింది, "ఇంకా అద్దిల్లేనా?"

"అద్దిల్లేనండి. మీకు రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?" అంది మంగతాయి. ఆవిడ వడ్డించుకోవడానికి వెళ్ళిపోయింది.

ఏంటీ, మంగతాయి పన్ను తగ్గిందా అనా? తగ్గలేదు, ఊడిపోయింది. ఇదిగో, ఈ ఖాళీ చూడు. నవ్వకు. ఇల్లు పైకెత్తిద్దామన్నది ఎవరో తాతయ్యని అడుగు, పాపం నిద్ర నటిస్తున్నారు.

బాతులేమో వాగుకి,
బాకీయేమో బ్యాంకుకి,
కథేమో కంచికి,
మనం మేడ మీది అద్దింటికి.