ఎవరి పొడి వాళ్ళకే

ఏటిపాలెంలో పైడయ్య, అప్పలసూరి అని ఇద్దరు అన్నదమ్ములు. జిల్లాలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ గట్టి నమ్మకం. బయటికి తీస్తే అరిగిపోతుందనో ఏమో, ఇంతవరకూ ఒక్కసారీ వాడలేదు.

ఆ ఊరి కొండను ఒక కాంట్రాక్టరు క్రషరు పెట్టి కంకర చేస్తున్నాడు. అతని మీద పోరాడుతున్నది ఈ అన్నదమ్ముల వదిన గవిరమ్మ. క్రషరు కూలీలు పన్నెండు మంది ఆమెకు రహస్యంగా సాక్ష్యాలు ఇస్తున్నారు. వాళ్ళ పేర్లు బయటపడ్డాయా, కూలీ పోతుంది, కాళ్ళూ విరుగుతాయి. అందుకే పట్నం నుంచి వసుంధర అనే అమ్మాయి పన్నెండు పెన్‌డ్రైవులు తెచ్చింది. రాసిన ఉత్తరాలు, తీసిన ఫోటోలు పరాయి కంట పడకుండా దాచే సాఫ్ట్‌వేర్ వాటిలో ముందే వేసి ఉంది. సొంత మరుదులు కదా అని పంచే పని గవిరమ్మ వీళ్ళకు అప్పజెప్పింది. పాపం, ఆమె చేసిన తప్పు అదొక్కటే.

"తెలియనివాళ్ళకి ఇవ్వొద్దు. సీలు చిరిగి ఉంటే వాడొద్దు," అని చెప్పి వెళ్ళింది వసుంధర.

మర్నాడే కాంట్రాక్టరు మనిషి వచ్చి ఒకటి ఇమ్మన్నాడు.

"నువ్వెవులో మాకు తెల్దు. ఇవ్వం," అన్నాడు పైడయ్య.

"నా పేరు కామేశు. పక్కూరే."

"మీయమ్మ పేరేటి?"

"నరసమ్మ."

అంతే! "ఇంకేటి, తెలిసిపోనావు. తీసుకో," అని చేతిలో పెట్టేశారు.

సాయంత్రం కామేశు దాన్ని తిరిగి తెచ్చాడు. సీలు చిరిగి ఉంది. అప్పలసూరి మండిపడ్డాడు. "మమ్మల్ని ఎర్రోళ్ళనుకున్నావేటి? ఇది సెల్లదు!" కామేశు వెళ్ళి కొత్త సీలు వేసుకొచ్చాడు. అది తళతళా మెరుస్తోంది. పాతవాటికంటే ఇదే గట్టిగా ఉందని అన్నదమ్ములు మురిసిపోయారు. ఇంకేముంది, మిగతా పదకొండూ అతని చేతికే ఇచ్చి మెరిసే సీళ్ళు వేయించుకున్నారు. సీలు చూడమన్నారు గానీ లోపల చూడమన్నారా ఎవరైనా? ఇలాంటివాళ్ళను తిట్టడం కూడా నోటికి దండగ.

పన్నెండూ పంచేశాక వసుంధర వచ్చి ఒక కూలీకి ఇచ్చినది తెరిచి చూసి అదిరిపడింది. "లోపలిది మార్చేశారు! ఇందులో ఏం రాసినా కాంట్రాక్టరుకి చేరిపోతుంది. ఎవరూ వాడకముందే అన్నీ వెనక్కి తెచ్చి పొడి చేసేయండి!"

అన్నదమ్ములు పరుగున వెళ్ళి అన్నీ తెచ్చారు. ఎవరూ వాడలేదు. గవిరమ్మ ప్రాణం కుదుటపడింది. వీళ్ళు రోట్లో వేసి దంచారు. ముక్కలయ్యాయి.

"పొడన్నాది గదా, ఇవి ముక్కలు," అన్నాడు పైడయ్య. ఇద్దరూ మూట కట్టుకుని బయల్దేరారు.

రెండు గంటల తర్వాత నవ్వుకుంటూ వచ్చారు.

"ఎక్కడికి పోనార్రా?" అంది గవిరమ్మ.

"క్రషరుకి, వదినా! కొండనే పొడి సేసీదానికి ఇవో లెక్కా? కాంట్రాక్టరుగోరే దగ్గరుండి ఆడించినారు."

గవిరమ్మ ఇద్దరి భుజాలూ పట్టుకుని ఊపింది. "పేర్లేవీ సెప్పలేదు గదా?"

"సెప్తామేటి? నోరు ఇప్పితే ఒట్టు! ఒకలి పొడి ఒకలికి పోకుండా పన్నెండు పొట్లాలు కట్టి, పేర్లు రాసినాం, అంతే."

"ఆ పొట్లాలేవి?"

"మీకెందుకు శ్రమని, ఆయనే ఇంటింటికీ ఎల్లి ఇచ్చొస్తానన్నారు. పది మందిని ఎంటబెట్టుకుని ఇప్పుడే బయల్దేరినారు."