చిలకకు తోచని మాట

పిల్లలూ, సెలవుల్లో మధ్యాహ్నమయ్యేసరికి మీరు మాటిమాటికీ అనే మాట ఏది? ఊఁహూఁ, పైకి అనకండి. కథ అయ్యేదాకా దాన్ని నోట్లోనే ఉంచుకోండి. ఎందుకో మీకే తెలుస్తుంది.

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు మకరందుడు, రెండోవాడు కేసరుడు, చిన్నది పారిజాత. గురువుగారు ఎండాకాలం సెలవులిచ్చిన మర్నాడే చిన్నవాళ్లిద్దరూ అరుగు మీద కూలబడి, "మాకేం తోచడం లేదు" అన్నారు. ఆ మాట కోసమే కాచుక్కూచున్న ఉసూరుడనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి, ఇద్దర్నీ ఎత్తుకుపోయాడు.

మకరందుడు వెతుకుతూ బయల్దేరాడు. దారిలో వలలో చిక్కిన తాబేలును విడిపిస్తే, అది అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. ఒడ్డున దింపి, "నాయనా, వాడి ప్రాణం చిలకలో ఉంది. పంజరానికి తలుపు లేదు, కత్తికి తెగదు. ఒక్కటే గుర్తుపెట్టుకో. అది పలికితే వాడు పలికినట్టే" అంది.

కోటలో గోడల నిండా అరలు, అరల నిండా మట్టిబొమ్మలు. అన్నీ ఒకప్పుడు పిల్లలే.

"పొద్దు గుంకేదాకా వీళ్లను ఆడించు" అన్నాడు ఉసూరుడు, కేసరుణ్ణీ పారిజాతనూ చూపించి. "ఆ మాట అనకపోతే తీసుకుపో. అంటే బొమ్మలైపోతారు. కొన్న ఆటవస్తువు ఒక్కటీ రాకూడదు. పందెం సంగతి వాళ్లకు చెప్పకూడదు."

"ఎవరన్నా బొమ్మలేనా?"

"ఈ గోడల మధ్య ఎవరన్నా సరే."

మకరందుడు ముంజలు తీసి పారేసిన తాటికాయలు రెండు ఏరి, మధ్య పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసే బండి చేశాడు. పిల్లలు కోటంతా తిప్పారు. ఉసూరుడు కన్నెర్రజేశాడు, బండి బూడిదైపోయింది.

మకరందుడు చింతగింజలు కుప్ప పోశాడు. పక్క గింజ కదలకుండా ఒక్కొక్కటే తీయాలి. పిల్లలు ఊపిరి బిగబట్టి ఆడారు. ఉసూరుడు ఉఫ్‌మన్నాడు, గింజలన్నీ సముద్రంలో పడ్డాయి.

ఇక చేతిలో ఏమీ లేదు. పొద్దు ఇంకా గుంకలేదు. పారిజాత ఆవలించింది. "అన్నయ్యా, నాకేం తో..."

అప్పుడే ఆ పిల్ల కాలివేళ్లు మట్టిరంగు తిరిగాయి.

"తోక" అన్నాడు మకరందుడు చప్పున. మొహంలో నవ్వు మాత్రం చెదరనివ్వలేదు. "'తో'తో నేనొకటి చెప్పాను. ఇప్పుడు నీ వంతు."

"తోట" అంది పారిజాత. వేళ్లకు రంగు తిరిగొచ్చింది.

"తోడేలు" అన్నాడు కేసరుడు.

"తోటకూర" అంది పంజరంలోంచి ఒక గొంతు. చిలక. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ ఆటకు పిలవలేదు మరి.

"నోర్ముయ్" అన్నాడు ఉసూరుడు.

"ఆడనీ మామా" అన్నాడు మకరందుడు. "తోరణం."

"తోలుబొమ్మ."

"తోపు."

మళ్లీ చిలక వంతు. అది గోటితో తల గోక్కుంది. కళ్లు గుండ్రంగా తిప్పింది. దాని ముక్కు మూయడానికి ఉసూరుడు పంజరం మీద పడ్డాడు. కానీ తలుపు లేని పంజరం చేసింది తనే కదా, చెయ్యెలా దూరుతుంది?

"ఉండండుండండి" అంది చిలక. "ఊహూఁ, నాకింకేం తోచడం లేదు."

చూశారా, అది విసుగెత్తి అనలేదు. మాట తట్టక అంది. తోచకపోవడానికి రెండర్థాలు. మంత్రానికి అర్థంతో పనిలేదు, ఆ మాట వినపడితే చాలు.

ఉసూరుడు కాళ్ల నుంచి తలదాకా మట్టిబొమ్మైపోయాడు. పంజరం పొడిపొడిగా రాలిపోయి, చిలక ఎగిరొచ్చి పారిజాత భుజమ్మీద వాలింది. అరల్లో బొమ్మలన్నీ మళ్లీ పిల్లలయ్యాయి. వాళ్లలో హేమరేఖ అనే రాకుమారి అర మీంచి దిగుతూనే, "'తోటికోడలు' ఉందిగా, ఒక్కరికీ రాలేదేం?" అంది.

పెద్దయ్యాక మకరందుడు ఆ పిల్లనే పెళ్లాడాడు. కేసరుడి పెళ్లితో ఆమెకు తోటికోడలూ వచ్చింది. చిలకతో ఆడుకుంటూ అందరూ చాలాకాలం చల్లగా రాజ్యమేలారు.

ఇక జరగండి. చింతపండు సగమే ఒలిచాను, మిగతాది ఎండ ఉండగానే ఒలిచి ఆరబెట్టాలి. గింజలు మీకే.