మూడుసార్లు లేచిన ఇళ్ళ ధర

అనగా అనగా, ఏరు వచ్చి సముద్రంలో కలిసే మొగ దగ్గర మొగలిరేవు అని ఒక పెద్ద పట్నం. అంత పెద్ద పట్నమైతే మేమెందుకు వినలేదు అంటారా? అదే చెప్పబోతున్నాను, కాస్త కుదురుగా కూర్చోండి.

ఆ పట్నంలో సుంకం కట్టించుకునే సావడి ఒకటి ఉండేది. దాని తూర్పు గోడకు ఎప్పుడూ తెల్లగా సున్నం వేసి ఉంచేవారు. ఏటా ఉగాదినాడు పట్నపు పెద్దలు తలంట్లు పోసుకుని వచ్చి, ఆ ఏడు ఇళ్ళ ధర ఎలా ఉందో విచారించి, గోడ మీద జాజుతో, అదే ఎర్రమట్టితో, ఒక గీత గీసేవారు. ధర పెరిగితే గీత పైన, తగ్గితే గీత కింద. అలా అరవై ఏళ్ళ గీతలు పక్కపక్కన ఎర్రగా నిలిచి ఉండేవి. ఆ ఊరి పిల్లలకు ఓనమాలకన్నా ముందే ఆ గోడ చదవడం వచ్చేది.

ఆ పట్నంలోనే గవరయ్య అనే గానుగవాడు ఉన్నాడు. నువ్వుల నూనె ఆడి ఓడలకు అమ్మేవాడు. మనిషి మంచివాడే, కాని ఒకచోట కాలు నిలిచేది కాదు. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎక్కడికైనా పోవాలనిపించేది. భార్య మాచమ్మ, ఇద్దరు ఆడపిల్లలు, గానుగ, ఎద్దు, ఏటిగట్టున పెంకుటిల్లు. అతనికున్నదల్లా అంతే.

ఒక ఏడు ఇళ్ళ ధర పడింది. మరుసటి ఏడు ఇంకా పడింది. ఓడలు రావడం తగ్గింది, నూనె కుండల్లోనే ఉండిపోయింది. రెండామడల దూరాన కొత్తరేవు అని ఒకటి వెలిసిందనీ, ఓడలు అటు పోతున్నాయనీ జనం చెప్పుకున్నారు. చెప్పుకుని ఊరుకున్నారు.

మాచమ్మ మాత్రం ఊరుకోలేదు. మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"ఏమయ్యా, ఇల్లు అమ్మేసి కొత్తరేవుకు పోదాం. గానుగా ఎద్దూ ఉంటే ఎక్కడైనా బతకొచ్చు. ఉప్పు వర్తకుడు నరసిశెట్టి మూడు వందల వరహాలు ఇస్తానంటున్నాడు. ఉప్పు బస్తాలు పెట్టుకుంటాడట. ఆయన ఉప్పు ఎడ్లబళ్ళ మీద పోతుంది, ఆయనకు ఓడలతో పనిలేదు."

గవరయ్య ఒంటికాలి మీద లేచాడు. "అయిదు వందల ఇల్లు మూడు వందలకా? రా, నాతో రా!"

భార్యను గోడ దగ్గరకు లాక్కెళ్ళి వేలుపెట్టి చూపించాడు. "ఇదిగో, మా తాత నాటి గాలివాన. ధర పడింది, నాలుగో ఏట లేచింది. ఇది మా నాయన కాలంలో ఊరు తగలబడినప్పటిది. పడింది, నాలుగో ఏట లేచింది. ఇది మన పెళ్ళైన కొత్తలో అమ్మవారు పోసి జనం పారిపోయినప్పటిది. అప్పుడూ అంతే. లేచినప్పుడల్లా మునుపటికన్నా జానెడు పైకే లేచింది. ఇప్పుడిది రెండో ఏడు. ఇంకో రెండేళ్ళు ఓర్చుకోలేమా?"

మూడుసార్లు జరిగినదాన్ని కాదనడం మాచమ్మకు చేతకాలేదు. తల వంచుకుని ఇంటికి వచ్చేసింది.

మూడో ఏడు నరసిశెట్టి మళ్ళీ వచ్చాడు. ఈసారి రెండు వందలే అన్నాడు. గవరయ్య అమ్మకపోగా ఇంకో పని చేశాడు. లేవబోయే ముందు కొన్నవాడే తెలివైనవాడు గదా అని, గానుగెద్దునూ మాచమ్మ గాజులనూ అమ్మి పక్కింటిని కొన్నాడు.

ఆ ఇల్లు పడవ నడిపే పోలమ్మది. డబ్బు కొంగున ముడివేసుకుంటూ పోలమ్మ అంది.

"అన్నా, నువ్వు కొంటే నాకు లాభమే. కాని ఈ మాట చెప్పకపోతే నాకు అన్నం సయించదు. గోడమీద గీతలు చూశావు. వాటిని పైకి లేపినవాళ్ళెవరో ఎప్పుడైనా అడిగావా?"

"పడవ నడుపుకునేదానివి, ఇళ్ళ సంగతి నీకెందుకు చెల్లీ?" అని గవరయ్య నవ్వేశాడు. పోలమ్మ కొత్తరేవుకు మకాం మార్చేసింది.

ఇక చూడండి గవరయ్య అవస్థ! పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలవేళ ఒకసారి గోడ దగ్గరకు పోయేవాడు. గీతకూ గీతకూ మధ్య ఎన్ని జానలో కొలిచేవాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. ఎద్దు లేని గానుగ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. పిల్లలు ఒక పూట గంజితో సరిపెట్టుకుంటున్నారు. అది చూసినప్పుడల్లా "నాలుగో ఏడు రానీ, నాలుగో ఏడు రానీ" అని తనకు తానే చెప్పుకునేవాడు.

నాలుగో ఉగాది రానే వచ్చింది. ఊరు ఊరంతా సావడి ముందు చేరింది. పెద్దాయన జాజులో వేలు ముంచి గోడవైపు తిరిగాడు. వంగాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సున్నం వేసినంత మేరా అయిపోతే, కింద అరుగు రాయి మీద గీత గీశాడు.

 గుంపులోంచి ఎవరో, "ఈసారి అయిదో ఏట లేస్తుందేమో" అన్నారు. నలుగురు తలలూపారు.

గవరయ్యకు ఆ తలలు చూస్తే భయమేసింది. తనూ ఊపబోయానని తెలిసి ఇంకా భయమేసింది. పోలమ్మ అడిగిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది. పరుగెత్తుకుంటూ ఒక ముసలి తాపీపనివాడి దగ్గరకు పోయాడు.

"తాతా, గాలివాన తరవాత ఇళ్ళు కొన్నదెవరు?"

"ఇంకెవరు నాయనా, ఓడల వర్తకులు. కూలింది ఇళ్ళే గాని రేవు కాదుగా!"

అక్కడినుంచి తొంభై ఏళ్ళ అవ్వ దగ్గరకు పోయాడు. "అవ్వా, ఊరు తగలబడ్డాక?"

"ఓడలమీద టేకు దిగింది బాబూ. తెచ్చినవాళ్ళే కట్టుకున్నారు, వాళ్ళే కాపురమున్నారు."

మూడోసారి సంగతి ఎవరినీ అడగక్కర్లేదు. అమ్మవారు తగ్గాక వీధినిండా ఓడల కళాసులు కాపురాలు పెట్టడం తను కళ్ళారా చూసిందే.

నేరుగా మొగ దగ్గరకు పోయాడు. ఊళ్ళో మిగిలినవాళ్ళను కొత్తరేవుకు దాటించడానికి పోలమ్మ ఆ రోజు పడవ తెచ్చి, ఇసుకలో ఇరుక్కుపోతే తోస్తూ ఉంది. గవరయ్య ఆమె చేతిలోని గెడ తీసుకుని నీళ్ళలో గుచ్చాడు. మోకాలి లోతుకు పోయి ఆగింది. ఇంకోచోట గుచ్చాడు. అంతే. ఇంకోచోట. అంతే.

"ఏరు దారి మార్చుకుందన్నా," అంది పోలమ్మ. "నాలుగేళ్ళుగా ఇక్కడ ఇసుక మేట వేస్తోంది. నా చిన్న పడవకే చాలడం లేదు, ఓడకెక్కడ చాలుతుంది?"

ఎన్నడూ కుదురుగా కూర్చోని గవరయ్య ఆ ఇసుకలో చతికిలబడ్డాడు. "చెప్పావు తల్లీ, నేనే వినలేదు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ రోజే నరసిశెట్టి దగ్గరకు పోయాడు. రెండిళ్ళకూ కలిపి యాభై వరహాలు వచ్చాయి. "అయిదో ఏట లేస్తే గుండెలు బాదుకుంటావు" అని ఊళ్ళోవాళ్ళు ఎద్దేవా చేశారు. గవరయ్య గానుగను బండికెత్తించి, పిల్లలను పోలమ్మ పడవెక్కించి ఊరు దాటాడు.

కొత్తరేవులో పోలమ్మకు అప్పటికే మూడు పడవలు. తన పెరట్లో గానుగకు చోటిచ్చింది. తలదాచుకోను పాకకూ, నువ్వులకూ యాభై వరహాలు సరిపోయాయి. ఎద్దుకు మిగల్లేదు. గానుగ కాడికి ఒకవైపు గవరయ్య, ఒకవైపు మాచమ్మ భుజాలు పెట్టారు.

నూనెకు వచ్చిన ఒక ఓడ సరంగు అది చూసి అడిగాడు. "ఎద్దు ఏదయ్యా?"

"అమ్మి ఇల్లు కొన్నాను."

"మరి ఆ ఇల్లేది?"

గవరయ్య మాచమ్మ వైపు చూడలేక, కాడిని ఇంకాస్త బలంగా తోశాడు.

మొగలిరేవు మళ్ళీ లేవనే లేదు, మీరు దాని పేరు విననిది అందుకే. కాబట్టి పిల్లలూ, పడిన ధర మళ్ళీ ఎన్నాళ్ళకు లేస్తుందని లెక్క కట్టే ముందు, మునుపు దాన్ని లేపినదేదో అది ఇంకా ఉందా లేదా అని చూసుకోవాలి.