సువార్తమ్మ ఊపిరి

రెండు రోజులుగా ఏలియాది ఒకటే చిక్కు. కంప్యూటర్‌కు కలిపిన సంగీతం కీబోర్డు మీట నొక్కితే చప్పుడు లేదు.

చీరాల దగ్గర ఒక చిన్న చర్చిలో దేవదానం మాస్టారు నలభై ఏళ్లకు పైగా ఆదివారం పాటలకు హార్మోనియం వాయించారు. ఇప్పుడు వేళ్లు వంకరపోతున్నాయి. ఇంకో ఆరు నెలలకు మీటలు నొక్కలేరని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత చర్చిలో పాటలకు వాయించేదెవరు? ఆయన చేత పాటలన్నీ వాయింపించి రికార్డు చేస్తానని శిష్యుడు ఏలియా ముందుకొచ్చాడు. ఇక ఆదివారాలు ఆ రికార్డు పెట్టుకునే పాడాలి.

మూడో రోజు, కీబోర్డును కంప్యూటర్‌కు కలిపే మిడి సెట్టింగుల్లో దాని పేరు ఎదుట గడిలో టిక్కు పెట్టాడు. మోగింది. ఆ ఉత్సాహంలో మరో రెండు టిక్కులు పెట్టాడు. మీటను మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకే బలంతో పలికించేది ఒకటి. ఆలస్యంగా పడిన స్వరాన్ని తాళం గీత మీదికి జరిపేది రెండోది.

మాస్టారు ఆ కీబోర్డు మీద ఒక పాట వాయించారు. ఏలియా దాన్ని వినిపించాడు.

"చూశారా మాస్టారూ, ఒక్క తప్పు లేదు. మీ వేళ్ల నొప్పి ఇందులో తెలీదు."

మాస్టారు చివరిదాకా విన్నారు. "సువార్తమ్మను పిలువు," అన్నారు.

సువార్తమ్మ ముప్పై ఏళ్లు పొగాకు గ్రేడింగులో ఆకును రకాలుగా వేరుచేసే పని చేసింది. ఒకప్పుడు పదకొండు మంది ఆ పనిలోంచే వచ్చి, చీరలకు ఆకు వాసనతో చర్చిలో పాటకు నిలబడేవారు. ఇప్పుడు ముగ్గురే మిగిలారు.

"పాడమ్మా."

ఏలియా రికార్డు పెట్టాడు. రెండో పాదం దాకా బాగానే పాడింది. ఊపిరి తీసుకునేలోపు మూడో పాదం వెళ్లిపోయింది. పరిగెత్తి అందుకుంది. మళ్లీ తప్పింది. దగ్గు వచ్చి ఆగిపోయింది.

"దీనికి బస్సు టైమైందేంట్రా? ఎవరు తరుముతున్నారు దీన్ని?"

"తాళం సరిగ్గానే ఉంది పిన్నీ."

"అయితే నా గొంతే పోయిందేమోలే," అంటూ బెంచీ మీద కూర్చుంది.

మాస్టారు రికార్డు ఆపించి, అదే పాట తానే వాయించడం మొదలుపెట్టారు. సువార్తమ్మ కూర్చునే అందుకుంది. రెండో పాదం చివర ఆయన ఒక స్వరాన్ని పట్టి ఉంచారు. ఆమె భుజాలు లేచి దిగాయి. అప్పుడు వదిలారు. ఆ ఆలస్యాన్ని తర్వాతి మాటలో కలిపేశారు. పాదం పాదానికీ అంతే. పాట పూర్తయింది.

ఏలియా ఈ పాట ఆయన దగ్గర ఇరవై ఏళ్లుగా వింటున్నాడు. ఆ ఆగడం ఎప్పుడూ వినలేదు.

సెట్టింగులు తెరిచి ఆ రెండు టిక్కులూ తీసేశాడు.

"మళ్లీ వాయించండి మాస్టారూ. ఈసారి రికార్డు కూడా మీరు ఆగినచోటల్లా ఆగుతుంది."

మాస్టారు కీబోర్డు ముందు స్టూలు మీంచి లేచి, దాన్ని ఏలియా వైపు జరిపారు.

"అది ఇవాళ్టి ఊపిరికే ఆగుతుందిరా. నువ్వు కూర్చో."